అంగన్‌వాడీ పిలకాయల చేతికి ఏ వాయిద్యాలు ఇవ్వాలి?

కోవూరు టీచర్
సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. కోవూరు పక్కన ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌ని. మా సెంటర్‌లో 3 నుంచి 5 ఏళ్ల పిలకాయలు 19 మంది. గల్ఫ్‌లో పనిచేసే మా ఊరి అబ్బాయి పండక్కి వచ్చి, "అక్కా, పిల్లలకి ఏమన్నా వాయిద్యాలు కొనిపెట్టండి" అని 4,000 రూపాయలు ఇచ్చిపోయాడు. కీబోర్డు కొనమని కొందరు, బ్లూటూత్ బాక్సు కొంటే పాటలు పెట్టుకోవచ్చని కొందరు అంటున్నారు. నాకు సంగీతం రాదు. డబ్బు వృథా కాకూడదని భయం.

ఈ ఆలోచన నాకు ముందు నుంచీ ఉంది. ఎందుకో చెప్తాను. మా దగ్గర మూడున్నరేళ్ల బాబు ఒకడున్నాడు. మాటలు తక్కువ. పిలిస్తే ఒక్కోసారి పలుకుతాడు, ఒక్కోసారి పలకడు. పోయిన నెల అన్నాలు పెట్టేటప్పుడు ఆయా చేతిలోంచి పప్పు గిన్నె మూత జారి కిందపడింది. అది బండల మీద గిరగిరా తిరిగి, చప్పుడు దగ్గరపడుతూ, దగ్గరపడుతూ, చివరికి ఒక్కసారిగా ఆగింది. వాడు అన్నం వదిలేసి వచ్చాడు. మూతను అంచు మీద నిలబెట్టి తిప్పాడు. బోర్లా పడుకుని చెవి నేలకు ఆనించి విన్నాడు. ఆగిపోగానే లేచి మళ్లీ తిప్పాడు. ఆయా లాక్కోబోతే నేనే వద్దన్నాను. 11 సార్లు తిప్పాడు, లెక్కపెట్టాను. వాడు ఒక పని మీద అంతసేపు ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

ఆ రోజు నుంచి మిగతా పిలకాయల్ని కూడా గమనిస్తున్నాను. ఒకమ్మాయి కిటికీ ఊచల మీద పుల్ల లాగుతూ నడుస్తుంది. ఒకడు ఖాళీ బియ్యం డ్రమ్ములో తల పెట్టి అరిచి, తన గొంతు తిరిగొస్తే నవ్వుకుంటాడు. వీళ్లకు ఏమిస్తే బాగుంటుంది?

మూలపేట సంగీతం
సోమవారం, రాత్రి 10:02

టీచరమ్మా, కీబోర్డు మాత్రం కొనకండి. నెల్లూరులో పిల్లలకు గాత్రం, వీణ చెప్తూ 31 ఏళ్లు అయింది నాకు. కీ నొక్కితే శబ్దం దానంతట అదే వస్తుంది, పిల్ల చేసే పనేం ఉండదు. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా చవక కీబోర్డులో ఒకటే చప్పుడు. ఆ డబ్బు దాచుకోండి.

ఈ వయసుకి అసలు వాయిద్యం గొంతు. మీరు పాడండి. "నాకు రాదు" అనకండి, జోలపాట రాని ఆడమనిషి ఉండదు. ఒక్క జాగ్రత్త: మనం మన శ్రుతిలో పాడేసి పిల్లల్ని అందుకోమంటాం. చిన్నపిల్లల గొంతు హాయిగా పలికేది రెండు శ్రుతి నుంచి ఆరు శ్రుతి దాకా (హార్మోనియం తెల్ల మెట్లలో రెండోది నుంచి ఆరోది దాకా), అంటే రెండులో షడ్జమం (స) పెడితే పంచమం (ప) వరకు. అంతకన్నా కిందికి దిగితే పాట మాటైపోతుంది, పైకి లాగితే అరుపైపోతుంది. ఫోన్‌లో తంబురా యాప్ ఉచితంగా దొరుకుతుంది. రెండు శ్రుతి పెట్టి పక్కన మోగనివ్వండి.

వాయిద్యాలు చేతికిచ్చి వదిలేస్తే మాత్రం గోల తప్ప ఏమీ రాదు. ముందు వినడం, తర్వాత పాడడం, ఆ తర్వాతే చేతికి వాయిద్యం.

కావలి నాన్న
మంగళవారం, ఉదయం 6:45

మేడం గారి మాటలో కీబోర్డు సంగతికి నూరు శాతం ఒప్పుకుంటాను. చివరి మాటకే ఒప్పుకోలేకపోతున్నాను. మా అమ్మాయి సంగతి చెప్తాను.

నాలుగేళ్లప్పుడు ఒక ప్రైవేటు ప్లేస్కూల్లో వేశాం. అడ్మిషన్ రోజు "మ్యూజిక్ రూమ్" చూపించారు. అద్దాల బీరువాలో కీబోర్డు, రెండు డ్రమ్ములు, గిటారు. ఏడాది మొత్తంలో ఆ బీరువా తాళం తీసింది ఫోటోల కోసం. ఒకరోజు తాళం తీసి ఉంటే మా పాప వెళ్లి డ్రమ్ము మీద చెయ్యేసిందట. చేతి మీద కొట్టి, క్లాసు బయట నిలబెట్టారు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. మాకు తెలిసింది ఎలాగంటే, అంతకుముందు ఇంట్లో ప్రతి గిన్నె మీదా దరువేసే పిల్ల ఆపేసింది. మా అమ్మ దేవుడి గదిలో గంట కొట్టమని ఇస్తే, "నేను ముట్టుకోవచ్చా నాయనమ్మా?" అని అడిగింది. నాలుగేళ్ల పిల్ల గంట ముట్టుకోవడానికి అనుమతి అడిగింది. నాకు ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది.

టీచర్ గారూ, మీరు ఆ మూత లాక్కోకుండా ఆపారే, ఆ ఒక్క పనికి మీకు దండం. ఏది కొన్నా తాళం లేని చోట, పిల్లల చేతికి అందే ఎత్తులో పెట్టండి.

సన్నాయి మనవడు
మంగళవారం, మధ్యాహ్నం 1:20

మాది ఒంగోలు దగ్గర కరవది వైపు. మా తాతగారు డోలు, పెదతాత సన్నాయి. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా సాహెబ్ గారు పుట్టిన ఊరు కరవది అని అందరికీ తెలిసిందే. 1924లో ఇక్కడ పుట్టి, తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు. ఆయన పేరు చెప్పకుండా మా వైపు ఏ మేళం ఇంట్లోనూ సంగీతం మాట మొదలవదు.

మూలపేట మేడం గారూ, మీరన్న వరస గురుకులానిది. మేళం ఇళ్లలో పిల్లలు పెరిగే తీరు వేరు. నాదస్వరం రెండున్నర అడుగుల పైన ఉంటుంది, చిన్నపిల్లల వేళ్లు రంధ్రాలకు అందవు, ఊపిరి చాలదు. అందుకని ఎవరూ వాయించమనరు, అట్టాగని తరమరు కూడా. మూడేళ్లకు నేను మా తాత ఒడికి ఎదురుగా కూర్చుని డోలు కుడి వైపు అరచెయ్యి ఆనించి ఉంచేవాణ్ని. దెబ్బ పడినప్పుడల్లా మోచేతి దాకా వణుకు వచ్చేది. నేను సంగీతం మొదట విన్నది చెయ్యితోనే. ఐదేళ్లకు కంచు తాళాలు ఇచ్చి మేళం పక్కన కూర్చోబెట్టారు. తప్పు వేస్తే తాత కళ్లతో చూసేవాడు, అంతే.

ఊదే వాయిద్యం కావాలంటే పైసా ఖర్చు లేదు. కొబ్బరాకు బూర. ఒక రెమ్మ తీసుకుని ఈనె తీసేయండి. ఆకును కొస నుంచి ఏటవాలుగా చుట్టుకుంటూ పోతే ఒక చివర సన్నగా, ఒక చివర వెడల్పుగా పొట్లంలా వస్తుంది. విప్పుకోకుండా ఆ ఈనె ముక్కే గుచ్చండి. సన్న చివరను వేళ్లతో కాస్త అదిమి పెదాల మధ్య పెట్టి ఊదాలి. మొదట గాలే పోతుంది. పెదాలు ఎంత బిగించాలో పిలకాయలు వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు. మొదటి "పీ" వచ్చినప్పుడు వాళ్ల మొహం చూడాలి మీరు. ఎవరి బూర వాళ్లకే ఇవ్వండి, ఒకరి నోటిది ఒకరికి వద్దు.

ఒంగోలు చెవి డాక్టర్
మంగళవారం, రాత్రి 11:05

నేను చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌ని. టీచర్ గారు రాసినదాంట్లో రెండు విషయాలు చూసి జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

మొదటిది ఆ బాబు. మాటలు తక్కువ, పిలిస్తే ఒక్కోసారి పలకడు, చెవి నేలకు ఆనించి విన్నాడు. పిల్లలు సరదాకి కూడా అలా వింటారు. కానీ చెవిలో గాలి దారిన శబ్దం సరిగా పోనప్పుడు, ఎముక దారిన, అంటే నేలకో బల్లకో తల ఆనిస్తే, బాగా వినిపిస్తుంది. జలుబు తరచూ చేసే పిల్లల్లో గూబ వెనక నీరు చేరి వినికిడి మందగించడం ఈ వయసులో చాలా మామూలు. నొప్పి ఉండదు కాబట్టి ఇంట్లోవాళ్లకు తెలియదు, "మొండివాడు, మాట వినడు" అంటారు. ఇక్కడ కూర్చుని నేను రోగం పేరు చెప్పను. వినికిడి పరీక్ష మాత్రం తప్పకుండా చేయించండి. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి, వాళ్లకు చెబితే జిల్లా కేంద్రానికి పంపిస్తారు. అప్పటిదాకా ఆగకుండా నేరుగా వెళ్లినా మంచిదే.

పరీక్షకు ముందు సెంటర్‌లోనే ఒక ఆట నేర్పండి. మీరు వెనక నుంచి గంట కొట్టండి. వినపడగానే పిల్లవాడు ఒక చెక్కముక్క డబ్బాలో వేయాలి. మేం మూడేళ్ల పిల్లలకు వినికిడి చూసేది సరిగ్గా ఈ ఆటతోనే. ముందే తెలిసిన ఆటైతే యంత్రం ముందు ఏడవరు.

రెండోది చప్పుడు. పెద్దవాళ్లకు 85 డెసిబెల్స్ చప్పుడులో 8 గంటలు హద్దు. ఆ పైన 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగానికి తగ్గించుకోవాలి: 88కి 4 గంటలు, 91కి 2. పిల్లల చెవులకు ఇంకా జాగ్రత్త కావాలి. రేకు కప్పో శ్లాబో ఉన్న చిన్న గదిలో 19 మంది ఒకేసారి స్టీలు గిన్నెలు కొడితే చెవులకు ప్రమాదం. ఒకసారికి ఐదారుగురికే ఇవ్వండి. గట్టి చప్పుడు చేసేవి చెట్టు కిందే. పుల్లల చివర గుడ్డ చుట్టండి.

ఇంకొకటి, గిలక్కాయల్లో గింజలు పోస్తారు కదా. మూత ఊడితే ఆ శనగలు ముక్కులోకి వెళ్తాయి. తడికి లోపలే ఉబ్బుతాయి. అలాంటివి తీసి తీసి చెప్తున్నాను. మూత ఎం-సీల్‌తో మూసి, మీరే నేలకేసి కొట్టి చూసి అప్పుడివ్వండి. బటన్ బ్యాటరీ వేసే తిరునాళ్ల బొమ్మలు అసలు వద్దు. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లో అన్నవాహిక కాలిపోవచ్చు.

కోవూరు టీచర్
బుధవారం, రాత్రి 8:30

డాక్టర్ గారూ, మీరు రాసింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. వాడికి చలికాలం మొత్తం ముక్కు కారుతూనే ఉంది. నేను కూడా ఒకటి రెండుసార్లు "చెప్తే వినవే" అని గదమాయించాను. ఈరోజే వాళ్లమ్మతో మాట్లాడాను. మొదట బాధపడింది, తర్వాత సరే అంది. వచ్చే వారం వెళ్తాం.

మిగతావాళ్లు చెప్పేవి కూడా రాసుకుంటున్నాను, చెప్పండి.

పొదిలి డప్పు
బుధవారం, రాత్రి 9:50

అందరూ డోలు, సన్నాయి, వీణ చెప్పారు. డప్పు పేరు ఒక్కరూ ఎత్తలేదు.

మా నాయన వాయించేవాడు, నేను వాయిస్తాను. చిన్నపిల్లకు డప్పు కన్నా తేలికైన వాయిద్యం చూపించండి. గుండ్రటి చెక్క చట్రం, దాని మీద తోలు. పిల్ల సైజుకు చిన్నది చేసుకోవచ్చు. నడిమధ్య కొడితే ఒక మాట, అంచున కొడితే ఇంకో మాట. ఒక చేత్తో చిర్ర అనే లావు కర్ర, ఇంకో చేత్తో చిటికెన పుల్ల అనే సన్న పుల్ల, రెండు చేతులకూ పని వేరువేరు. మబ్బు పట్టిన రోజు తోలు వదులై మొద్దుగా పలుకుతుంది. మంట దగ్గర కాస్త కాపితే బిగిసి ఖంగున మోగుతుంది. ఎండకూ తోలుకూ చప్పుడుకూ సంబంధం ఏందో ఏ పుస్తకమూ అక్కర లేకుండా పిలకాయలకు తెలిసిపోతుంది.

గూడూరు తాతయ్య
గురువారం, ఉదయం 7:15

నాయనా, నువ్వు చెప్పింది బాగుంది. నేను రిటైర్డ్ హెడ్మాస్టర్‌ని, ఉన్న మాట చెప్తాను. అంగన్‌వాడీలో డప్పు పెడితే తల్లులు ఒప్పుకోరు. డప్పంటే చావు మేళం అని ఊళ్లో మనసులో ఉండిపోయింది. టీచరమ్మ ఒక్కతే ఆ గొడవ నెత్తిన వేసుకోవాలి. చిడతలు, కోలాటం కర్రలతో మొదలుపెడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు కదా?

పొదిలి డప్పు
గురువారం, ఉదయం 8:40

తాతయ్యా, మీరు మంచి మనసుతోనే అన్నారు, తెలుసు. కానీ ఆలోచించండి. జాతరకు డప్పు కావాలి, పెళ్లి ఊరేగింపుకు కావాలి, ఎన్నికలకు కావాలి. పిల్లల చేతికి వచ్చేసరికి చావు ఒక్కటే గుర్తొస్తుందా? చావుకి కూడా ఎందుకు వాయిస్తాం, పోయిన మనిషిని మర్యాదగా సాగనంపడానికే కదా.

నేను బళ్లో చదివే రోజుల్లో, డప్పు వాయించేవాళ్ల కొడుకునని వెనక కూర్చోబెట్టారు. అదే బళ్లో వార్షికోత్సవానికి మా నాయనను పిలిచి వాయించమన్నారు. వాయించి, బయటే అన్నం తిని వచ్చాడు. టీచరమ్మ సెంటర్‌లో కూడా మా పిల్లలు ఉండే ఉంటారు. మూడేళ్లప్పుడు తన ఇంట్లో ఉన్న వాయిద్యం బడిలో మిగతా వాటి పక్కన బల్ల మీద కనపడితే, ఆ బిడ్డకు ఏమనిపిస్తుందో నాకు తెలుసు. ఎందుకంటే నాకు అది కనపడలేదు.

గూడూరు తాతయ్య
గురువారం, ఉదయం 10:05

నువ్వు చెప్పిందే సరి నాయనా. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. టీచరమ్మా, తల్లుల మీటింగు పెట్టేరోజు చెప్పు, గూడూరు నుంచి కోవూరు ఎంత దూరం, నేను వచ్చి కూర్చుంటాను.

డి.ఎల్.ఎడ్ రెండో ఏడాది
గురువారం, సాయంత్రం 5:30

అక్కా, మాకు క్లాసులో చెప్పిన రెండు విషయాలు పనికొస్తాయేమో.

మాంటిస్సోరి బళ్లలో శబ్దాల డబ్బాలు ఉంటాయి. బయటికి అన్నీ ఒకేలా ఉండే మూసిన డబ్బాలు. రెండింటిలో రాగులు, రెండింటిలో బియ్యం, రెండింటిలో గులకరాళ్లు, ఇట్లా జతలు. ఊపి వింటూ జత కలపాలి. ఈ బళ్ల పద్ధతి తయారుచేసిన ఇటలీ ఆవిడ మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి 1946 దాకా ఇండియాలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆ డబ్బాలకు మనకు మాత్రలు వచ్చే ప్లాస్టిక్ డబ్బాలు చాలు. డాక్టర్ గారు చెప్పినట్టు మూతలు గట్టిగా మూసి.

రెండోది, జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ అనే సంగీతకారుడు 1924లో మ్యూనిక్‌లో ఒక స్కూల్లో పని మొదలుపెట్టి, మాట, ఆట, అడుగు, దరువు కలిపి పిల్లలకు సంగీతం నేర్పే పద్ధతి తయారుచేశాడు. అందులో జైలోఫోన్ (వరసగా పేర్చిన పట్టీలను పుల్లతో కొట్టి వాయించేది) పట్టీలు విడిగా తీసేయొచ్చు. ఐదు స్వరాల పట్టీలు మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తారు. అప్పుడు పిల్లలు ఏది కొట్టినా వినడానికి బాగుంటుంది. కానీ మంచి జైలోఫోన్ ధర మన 4,000లో రాదు.

చీమకుర్తి వర్క్‌షాప్
గురువారం, రాత్రి 10:15

చెల్లెమ్మా, జైలోఫోన్ కొనడం ఎందుకు, చేసుకుందాం. గ్రానైట్ ఫ్యాక్టరీలకు వెల్డింగ్, ఫ్యాబ్రికేషన్ పని చేస్తాను. మా పిల్లల కోసం రెండేళ్ల కిందట చేశాను, ఇంకా మోగుతోంది.

ఒకటే సైజు, ఒకటే మందం ఉన్న అల్యూమినియం పైపు తీసుకోవాలి. పెద్ద ముక్క 40 సెంటీమీటర్లు. తర్వాతవి 37.7, 35.8, 32.7, 31, 28.3. ఆరు ముక్కలు. పొడవు సగం చేస్తే పై స్థాయి, అంటే అదే స్వరం ఇంకా పైన, వస్తుందనుకుని నేను మొదట 20కి కోసి ఒక ముక్క పాడుచేశాను. తీగకైతే సగం. కొడితే మోగే పట్టీకి, పైపుకు లెక్క వేరు, 100కి 71 వంతు ఉంచితే పై స్థాయి వస్తుంది.

కోయడం కంటే ముఖ్యం ఆనించే చోటు. పైపు కొట్టినప్పుడు మధ్యలోనూ రెండు చివర్లలోనూ ఊగుతుంది. ఊగని చోట్లు రెండుంటాయి, ఒక్కో చివర నుంచి పొడవులో 100కి 22 వంతుల దగ్గర. 40 సెంటీమీటర్ల పైపుకు చివర నుంచి 9 సెంటీమీటర్లు. అక్కడ తాడు మీద గానీ స్పాంజి మీద గానీ ఆనిస్తే చాలాసేపు మోగుతుంది. వేరే చోట ఆనిస్తే టక్ అని చచ్చిపోతుంది. పైపు మీద చిటికెడు ఉప్పు చల్లి మెల్లగా కొడుతూ ఉండండి, ఉప్పు జరిగి ఆ రెండు చోట్లకు చేరుతుంది. అది పిల్లలకు చూపించండి, వదలరు. కోసిన అంచులు ఆకురాయితో బాగా రుద్దాలి, చేతులు తెగుతాయి.

మూలపేట సంగీతం
శుక్రవారం, ఉదయం 6:10

చీమకుర్తి బాబూ, ఆ ఆరు ముక్కలు ఏమిటో నువ్వు రాయలేదు. పొద్దున్నే కాగితం మీద లెక్క వేసుకున్నాను. షడ్జమం, రిషభం, గాంధారం, పంచమం, ధైవతం, పై షడ్జమం, అంటే స రి గ ప ద స. మధ్యమం లేదు, నిషాదం లేదు. మోహన రాగం! ఇందులో అరస్వరం దూరంలో ఉండే జంట ఒక్కటి కూడా లేదు. అందుకే పిల్లలు ఏ రెండు కలిపి కొట్టినా చెవికి గుచ్చుకోదు. జర్మనీ ఆయన కూడా ఆ ఐదు స్వరాలే ఉంచమన్నాడంటే ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

నేను మొదట "చేతికిచ్చి వదిలేస్తే గోలే" అన్నాను. సన్నాయి మనవడు, పొదిలి తమ్ముడు రాసినవి రెండుసార్లు చదివాను. నా దగ్గరకు ఏడేళ్ల తర్వాత వచ్చే పిల్లల్లో కొందరికి తాళం ఎంత చెప్పినా నిలవదు. కొందరికి చెప్పకుండానే నిలుస్తుంది. ఆ రెండో రకం పిల్లల ఇళ్లలో ఏముండేదో నేనెప్పుడూ అడగలేదు. ఇకనుంచి అడుగుతాను.

అయినా ఒక్క పట్టుదల వదలను. అరగంట గోల తర్వాత రెండు నిమిషాలైనా అందరూ ఆగి వినాలి. మీరు చెయ్యి పైకెత్తితే నిశ్శబ్దం, దించితే మోత. తర్వాత "తకిట, తకధిమి" అని మూడు, నాలుగు దెబ్బలు చప్పట్లతో. పిల్లల పేర్లతో కూడా చెయ్యొచ్చు. ఎవరి పేరుకు ఎన్ని దెబ్బలో వాళ్లనే కొట్టమనండి.

ఉదయగిరి గరిటె
శుక్రవారం, మధ్యాహ్నం 2:40

మా ఉదయగిరి చెక్క గరిటెలు మర్చిపోకండి. నర్ది, కలివి లాంటి కొండ చెక్కతో చేసేవి. రెండు గరిటెలు వీపులు ఆనించి వేళ్ల మధ్య పట్టుకుని మోకాలి మీద కొడితే చిడతల్లా పలుకుతాయి. గుండ్రంగా ఉంటాయి, పెచ్చులు లేవవు. చవక.

ఇంకో మాట. పొలం గట్టున జనుము ఎండితే కాయలు తెచ్చుకోండి. గుత్తి పట్టుకుని ఊపితే గజ్జెల మోతే. పెద్దపిల్లలకు ఇవ్వండి, కాయ పగిలితే గింజలు రాలతాయి.

కంజీర (ఒక చేత్తో పట్టుకుని వాయించే చిన్న తోలు వాయిద్యం) కొనాలనుకుంటే మేకతోలుదే అడగండి. ఉడుము తోలుది ఎవరైనా చూపిస్తే తీసుకోవద్దు, ఉడుమును చంపడం వన్యప్రాణి చట్టం కింద నేరం.

కోవూరు టీచర్
నాలుగు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:20

ఆలస్యానికి ఏమీ అనుకోకండి. చెప్పాల్సింది చాలా ఉంది.

ముందు బాబు సంగతి. డాక్టర్ గారు చెప్పిన ఆట పది రోజులు ఆడించాను, అందరితో కలిపి. వెనక గంట కొడితే వాడు డబ్బాలో చెక్కముక్క వేసేవాడు, మెల్లగా కొడితే వేసేవాడు కాదు. ఆసుపత్రిలో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి అదే ఆట ఆడించారు. ఏడవలేదు. రెండు చెవుల్లోనూ గూబ వెనక నీరు ఉందన్నారు. చాలామంది పిల్లల్లో మూడు నెలల్లో దానంతట అదే తగ్గుతుంది, తగ్గకపోతే అప్పుడు ఏం చెయ్యాలో చూద్దాం, మళ్లీ పరీక్షకు రండి అన్నారు. అప్పటిదాకా ఎదురుగా కూర్చుని, మొహం కనపడేలా మాట్లాడమన్నారు. వాళ్లమ్మ తిరుగు బస్సులో నా చెయ్యి వదల్లేదు. "వీడు మాట వినడని ఎన్నిసార్లు కొట్టానో టీచర్" అంది. నేనూ గదమాయించానని చెప్పాను. ఇద్దరం ఏడ్చాం.

ఇక వాయిద్యాలు. చీమకుర్తి అన్న పైపులు కోసి, రుద్ది, చెక్క ఫ్రేముకు తాడు కట్టి నెల్లూరు బస్సులో వేశాడు. కూలి తీసుకోలేదు, పైపు డబ్బులు 1,150 మాత్రం బలవంతంగా పంపాను. నాలుగు జతల ఉదయగిరి గరిటెలు, రెండు జతల తాళాలు, గజ్జెల పట్టీలు, శబ్దాల డబ్బాలు 12. పొదిలి తమ్ముడు రెండు చిన్న డప్పులు తనే తెచ్చాడు. తల్లుల మీటింగుకు తాతయ్య గారు నిజంగానే వచ్చారు. ఇద్దరు లేచి అభ్యంతరం చెప్పారు. తాతయ్య గారు ఏమీ వాదించకుండా, డప్పు తమ్ముడిని తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, "ఒక దరువు వాయించు నాయనా, విని మాట్లాడుకుందాం" అన్నారు. వాయించాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకావిడ ఇప్పటికీ ఒప్పుకోలేదు, తన కూతురికి డప్పు ఇవ్వొద్దని చెప్పింది. ఆ అమ్మాయి రోజూ డప్పు పక్కనే కూర్చుని చూస్తుంది. ఆవిడతో మళ్లీ మాట్లాడతాను.

మొదటి వారం మూలపేట మేడం అన్నట్టు గోలే. తలనొప్పి వచ్చింది. రెండో వారం నుంచి ఒకసారికి ఐదుగురు, వేపచెట్టు కింద. కిటికీ ఊచల మీద పుల్ల లాగే అమ్మాయి పైపుల మీద కూడా పుల్ల లాగింది, కింది నుంచి పైకి, పై నుంచి కిందికి, ఒక పూటంతా. తర్వాత ఒకటి వదిలి ఒకటి కొట్టడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు.

బాబు మాత్రం పైపులు ముట్టుకోలేదు. డప్పు దగ్గరకు పోయాడు. కొట్టలేదు. ఇంకొకడు కొడుతుంటే తోలు మీద చెంప ఆనించబోయాడు, నేను వాడి చెయ్యి పట్టి చట్రానికి ఆనించాను, చెవికి దూరంగా ఉంటుందని. కళ్లు పెద్దవి చేసుకుని నిలబడ్డాడు. సన్నాయి మనవడు గారూ, మీరు రాసింది అప్పుడు గుర్తొచ్చింది నాకు.

మొన్న బుధవారం నేను చెయ్యి పైకెత్తాను, అందరూ ఆపారు. వాడు ఆపలేదు, చిర్రతో ఇంకా కొట్టాడు. మూడు దెబ్బలు. మళ్లీ మూడు. నా వైపు చూసి తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. వాడి పేరులో మూడు అక్షరాలు.

ఒంగోలు చెవి డాక్టర్
ఆదివారం, రాత్రి 7:05

టీచర్ గారూ, మూడు నెలల పరీక్ష తేదీ దాటనివ్వకండి. వర్షాకాలం జలుబులు మొదలైతే నీరు మళ్లీ చేరొచ్చు. చట్రానికి చెయ్యి ఆనించడం చాలా మంచి పని, అలాగే చేయించండి.

చీమకుర్తి వర్క్‌షాప్
ఆదివారం, రాత్రి 8:30

టీచరక్కా, తాడు నాలుగైదు నెలలకు వదులవుతుంది, మోత తగ్గినట్టు అనిపిస్తే ముందు తాడు బిగించి చూడండి. ఒక గ్రానైట్ పట్టీ కూడా కోసి పెట్టాను, రాయి ఎట్టా పాడుతుందో పిలకాయలు వినాలి. బరువెక్కువ, బస్సులో వెయ్యలేను. వచ్చే ఆదివారం నెల్లూరుకు లోడు ఉంది, దారిలో ఇచ్చిపోతాను.

కావలి నాన్న
ఆదివారం, రాత్రి 9:15

అన్నా, ఆ పైపు లెక్కలతో నేను కూడా మొదలుపెట్టాను. 31 సెంటీమీటర్ల ముక్క కొంచెం మొద్దుగా పలుకుతోంది. ఆనించే చోటు చివర నుంచి ఎంత పెట్టాలి? పాప పక్కనే కూర్చుని ఉప్పు చల్లుతోంది.

చీమకుర్తి వర్క్‌షాప్
ఆదివారం, రాత్రి 9:22

దాదాపు 7 సెంటీమీటర్లు అన్నా. ఉప్పు ఎక్కడ ఆగిందో పాపనే అడుగు, అక్కడే కట్టు.